ఎరుపు తగ్గాక కంట్లో ఏం జరుగుతుంది

(గుంటూరు జిల్లాలోని ఒక శాఖా గ్రంథాలయంలో ఒక కంటి డాక్టరు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఇంటి పనులు వదులుకుని ఇంతమంది వచ్చారు, చాలా సంతోషంగా ఉంది. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, ఇక్కడ చాపలు వేశారు. పెద్దవాళ్ళకి కుర్చీలు ఇవ్వండి బాబూ.

నన్ను కంటి చూపు కాపాడుకోవడం గురించి మాట్లాడమన్నారు. షుగరు వల్ల కళ్ళు పాడవడం గురించి, శుక్లాల ఆపరేషన్ గురించి మీరు ఇంతకు ముందు చాలాసార్లు విని ఉంటారు. అందుకని ఇవాళ ఒక్క జబ్బు గురించే చెబుతాను. దాని పేరు యువియైటిస్. ఈ పేరు ఎవరైనా విన్నారా? ఇద్దరు చేతులెత్తారు. సరే, పేరు సంగతి తర్వాత. ముందు మా అక్క గురించి చెబుతాను. నీ గురించి చెప్పనా అని తననే అడిగి వచ్చాను. చెప్పు, ఇంకో పిల్లకైనా పనికొస్తుంది అంది.

అక్క నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. తనకి నాలుగో ఏట కుడి మోకాలు వాచింది. అప్పటికి నేను పొత్తిళ్ళలో ఉన్నాను, ఇదంతా అమ్మ చెప్పగా విన్నదే. పొద్దున్నే మంచం దిగగానే కుంటేదట, ఎండెక్కేసరికి మామూలుగా పరిగెత్తేదట. ఎక్కడో పడి ఉంటుందనుకున్నారు. పసరు కట్టు కట్టించారు. తగ్గకపోతే పట్నం తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయించారు. ముగ్గురు డాక్టర్లు ఆ మోకాలు చూశారు, నొక్కారు, మందులు రాశారు. కళ్ళు ఒక్కరూ చూడలేదు. వాళ్ళని తప్పు పట్టడం లేదు, కళ్ళలో చూడటానికి పైకి ఏమీ కనపడలేదు. ఎర్రబడలేదు, నీళ్ళు కారలేదు, నొప్పి అని పిల్ల ఏడవలేదు.

ఆరో ఏట బళ్ళో వేశారు. కొన్నాళ్ళకి మాస్టారు నాన్నని పిలిచి, పిల్ల పలకని ముక్కుకి ఆనించుకుని రాస్తోంది, ఒకసారి చూపించండి అన్నారు. చూపించేసరికి కుడికంటి నల్లగుడ్డు మీద అడ్డంగా తెల్లటి పట్టీ ఏర్పడి ఉంది. కంటిపాప గుండ్రంగా లేదు. దాని వెనక లెన్సు అప్పటికే తెల్లబడింది. ఎడమకన్ను కూడా ఆ దారిలోనే ఉంది కానీ ఇంకా కొంత చేయగలిగిన దశలో ఉంది.

ఇప్పుడు అక్కకి యాభై దాటాయి. కుడికన్ను ముందు చెయ్యి ఆడిస్తే ఏదో కదులుతోందని తెలుస్తుంది, ఎవరి చెయ్యో తెలీదు. ఎడమకంటితోనే బతుకంతా నడుపుకుంది. పిల్లల్ని పెంచింది, చీటీల లెక్కలు రాసింది. మల్లెపూలు మాల కడుతున్నప్పుడు చూడాలి తనని. ముడి వేసేటప్పుడల్లా తల కొద్దిగా కుడివైపుకి తిప్పి ఎడమకంటిని దారం మీదకి తెచ్చుకుంటుంది. మజ్జిగ పోసేటప్పుడు చెంబు మూతిని గ్లాసు అంచుకి ఆనించి, టక్కుమని చప్పుడు వినపడ్డాకే వంచుతుంది. ఎంత దూరంలో ఉందో అంచనా దొరకాలంటే రెండు కళ్ళూ కావాలి. ఆ చప్పుడు మా ఇంట్లో అందరికీ ఎంత అలవాటైపోయిందంటే, అది ఎందుకొస్తుందో నేను మెడిసిన్ చదివేదాకా ఆలోచించలేదు.

సరే, ఇప్పుడు జబ్బు సంగతికి వద్దాం.

కంటిగుడ్డు గోడకి మూడు పొరలుంటాయి. పైది తెల్లగుడ్డు, గట్టిగా ఉంటుంది. లోపలిది రెటీనా, బొమ్మ పడేది దాని మీద. ఈ రెండింటి మధ్య నల్లగా, నిండా రక్తనాళాలతో ఒక పొర ఉంటుంది. పైపొర వలిచి చూస్తే నల్లద్రాక్షలా ఉంటుందని లాటిన్‌లో ద్రాక్షపండు పేరే దానికి పెట్టారు, యువియా అని. కంటిపాప చుట్టూ రంగుగా కనపడే ఐరిస్ దాని ముందు భాగమే. ఆ పొరకి వాపు వస్తే యువియైటిస్ అంటాం. ముందు భాగంలో వస్తే ఐరైటిస్ అంటాం. మధ్యలో రావచ్చు, వెనక రావచ్చు, మొత్తం రావచ్చు.

దీన్ని కళ్ళకలకతో కలపకండి. కళ్ళకలకలో పుసి కడుతుంది, ఇసుక పడ్డట్టు గరగరలాడుతుంది, ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది, వారం పది రోజుల్లో పోతుంది. ఐరైటిస్‌లో పుసి ఉండదు. వెలుతురు చూస్తే కన్ను గుచ్చినట్టు ఉంటుంది, నల్లగుడ్డు చుట్టూ ఎరుపు కడుతుంది, చూపు మసకేస్తుంది. ఇది ఎవరికీ అంటుకోదు. ఇక మా అక్కకి వచ్చింది పిల్లల కీళ్ళవాతంతో పాటు కంట్లో వచ్చే రకం. అందులో ఈ ఎరుపూ ఉండదు, ఈ నొప్పీ ఉండదు. లోపల మాత్రం వాపు నడుస్తూనే ఉంటుంది.

మరి బయటికి కనపడనిది మాకు ఎలా కనపడుతుంది? పాత పెంకుటిళ్ళలో పెరిగినవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మధ్యాహ్నం పూట పెంకుల సందులోంచి చీకటి గదిలోకి సన్నటి ఎండ పడేది గుర్తుందా? ఆ ఎండలో ధూళి కణాలు తేలుతూ కనపడేవి. గదంతా ఆ ధూళి ఉంటుంది, కనపడేది మాత్రం ఆ ఎండ గీతలోనే. మేము గడ్డం ఆనించమని కూర్చోబెట్టే యంత్రం చేసేది సరిగ్గా ఇదే. దాన్ని స్లిట్ ల్యాంప్ అంటారు. 1911లో స్వీడన్ డాక్టరు అల్వార్ గుల్‌స్ట్రాండ్ దీనికి రూపం ఇచ్చాడు. గది చీకటి చేసి సన్నటి వెలుగు గీతని కంట్లోకి పంపిస్తాం. బాగున్న కంట్లో ఆ గీత నల్లటి ఖాళీలోంచి శుభ్రంగా పోతుంది. వాపు ఉన్న కంట్లో తెల్లకణాలు ధూళిలా తేలుతుంటాయి. ఒక మిల్లీమీటరు గీతలో ఎన్ని తేలుతున్నాయో లెక్కపెట్టి కాగితం మీద రాసుకుంటాం. మీ చీటీలో 'సెల్స్ ఒన్ ప్లస్', 'టూ ప్లస్' అని ఉండేది ఆ లెక్కే. అద్దం ముందు నిలబడి ఈ కణాల్ని చూసుకోవడం ఎవరి తరమూ కాదు. "ఎరుపు పోయింది కదా డాక్టరుగారూ" అని మీరు అన్నాక కూడా నేను గడ్డం ఆనించమనేది ఇందుకే.

ఎరుపు తగ్గింది అంటే జబ్బు తగ్గినట్టు కాదు. చూపు పోయే నెలలు చాలామందికి ఎరుపు తగ్గాక మొదలవుతాయి. ఇవాళ నేను ఇక్కడికి వచ్చింది ఈ మాట చెప్పడానికే.

ఎలా పోతుందో చెబుతాను.

మొదటిది అతుక్కుపోవడం. వాపు ఉన్నప్పుడు కంట్లో నీటిలోకి ప్రొటీను దిగుతుంది, నీరు జిగురుగా అవుతుంది. ఐరిస్ వెనకే లెన్సు ఉంటుంది, మధ్యలో సందు వెంట్రుకవాసి. తడి ఆరని అప్పడాలు ఒకదాని మీద ఒకటి పెడితే ఏమవుతుంది? అలాగే ఐరిస్ వెళ్ళి లెన్సుకి అతుక్కుంటుంది. ఒకచోట అతుక్కుని మిగతా చోట్ల విప్పారితే కంటిపాప గుండ్రంగా ఉండక రేకుల పువ్వులా అవుతుంది. చుట్టూ అంతా అతుక్కుంటే వెనక పుట్టిన నీరు ముందుకి రావడానికి దారి ఉండదు, కంటి లోపలి ప్రెషర్ ఒక్కసారిగా పెరుగుతుంది. మేము కంటిపాప పెద్దదయ్యే చుక్కలు ఇచ్చేది ఈ అతుకుని ఆపడానికి. ఆ చుక్కలు వేసుకుంటే దగ్గరివి కనపడవు, ఎండలో కళ్ళు తెరవలేరు. అందుకని చాలామంది రెండు రోజులు వేసి మానేస్తారు. ఇబ్బంది నాకు తెలుసు. కానీ పచ్చి అతుకు చుక్కలతో విడిపోతుంది, నెల తర్వాత అది విడిపోవడం కష్టం.

రెండోది శుక్లం. వయసు మీద పడ్డాక వచ్చే శుక్లం మనకి తెలిసిందే. వాపు ఎక్కువకాలం ఉన్న కంట్లో పాతికేళ్ళ కుర్రాడికైనా, ఆరేళ్ళ పిల్లకైనా వస్తుంది. వాపుని తగ్గించడానికి ఇచ్చే స్టెరాయిడ్ వల్ల కూడా వస్తుంది. ఈ నిజం దాచిపెట్టకూడదు. ఆపరేషన్ చేయవచ్చు, అయితే వాపు కనీసం మూడు నెలల పాటు పూర్తిగా అణిగి ఉండాలని చూస్తాం. కంగారుపడి ముందే చేస్తే, ఆపరేషన్ చేసిన కన్ను మళ్ళీ రగిలి, పెట్టిన లెన్సు చుట్టూ పొరలు కడతాయి. "పక్కింటాయనకి నెలలో చేశారు, నాకెందుకు ఆపుతున్నారు" అని అడుగుతారు. ఆ పక్కింటాయన కంట్లో వాపు లేదు. అదే తేడా.

మూడోది నీటికాసులు, అంటే కంట్లో ప్రెషర్ పెరిగి కంటి నరం దెబ్బతినడం. ఇక్కడ కొంచెం ఓపిగ్గా వినండి.

కంట్లో నీరు ఎప్పుడూ పుడుతూ, ఎప్పుడూ పోతూ ఉంటుంది. గంటన్నర, రెండు గంటల్లో దాదాపు అంతా కొత్తదవుతుంది. పోయేచోట ఒక జల్లెడ ఉంటుంది. వాపు కణాలు ఆ జల్లెడలో ఇరుక్కుంటాయి. కొన్నాళ్ళకి జల్లెడే పాడవుతుంది. ఇది ఒక దారి. ఇందాక చెప్పిన అతుకు రెండో దారి. మూడోది స్టెరాయిడ్ చుక్కలు. కొందరి కళ్ళు ఈ చుక్కలకి పడవు, నాలుగైదు వారాలు వేసేసరికి ప్రెషర్ పైకి పోతుంది. మామూలుగా 10 నుంచి 21 దాకా ఉండాల్సింది 30, 40 అవుతుంది. మెల్లగా పెరిగితే నొప్పి ఉండదు. కంటి నరం మాత్రం నలిగిపోతుంటుంది. చూపు అంచుల నుంచి పోతూ వస్తుంది, నడిమి చూపు చివరిదాకా నిలుస్తుంది. అందుకే పేపరు చదవగలుగుతారు, పక్కనుంచి వచ్చే బండి కనపడదు. గుమ్మం తగులుతుంటే మతిమరుపు అనుకుంటారు. నరం నుంచి పోయిన చూపుని ఏ ఆపరేషనూ తిరిగి తేలేదు. శుక్లం లాంటిది కాదు ఇది.

మా నాన్న పినతండ్రి కొడుకు, మాకు బాబాయి, ఈ దారిన పడ్డాడు. కన్ను ఎర్రబడినప్పుడు ఒక డాక్టరు రాసిన చుక్కలు పనిచేశాయి. ఆ సీసా దాచుకున్నాడు. మళ్ళీ ఎర్రబడినప్పుడల్లా ఖాళీ సీసా మెడికల్ షాపులో చూపించి ఇంకోటి కొనేవాడు. రెండేళ్ళు అలా గడిచాయి. ప్రతిసారీ ఎరుపు పోయేది కాబట్టి మందు మంచిదే అనుకున్నాడు. నేను మొదటిసారి ప్రెషర్ చూసినరోజు 42 ఉంది. నరం మధ్యలో పళ్ళెంలా గుంట పడిపోయింది. "నొప్పే లేదు కదమ్మా" అన్నాడు. రెండు మూడుసార్లు అదే మాట అన్నాడు, తనకి తనే చెప్పుకుంటున్నట్టు. షాపు నడిపే అన్నదమ్ములు ఎవరైనా ఇక్కడ ఉంటే చేతులు జోడించి అడుగుతున్నాను. స్టెరాయిడ్ చుక్కలకి ఖాళీ సీసాని చీటీగా తీసుకోకండి.

దీనికి ఎదురుది కూడా ఉంది. ఏళ్ళ తరబడి రగిలిన కంట్లో నీరు పుట్టించే భాగమే చచ్చుబడుతుంది. అప్పుడు ప్రెషర్ 5 కన్నా కిందికి దిగి, గాలి తగ్గిన బంతిలా కన్ను మెత్తబడి కుంచించుకుపోతుంది. అక్కడిదాకా వచ్చిన కంటికి మేము చేయగలిగింది చాలా తక్కువ.

నాలుగోది రెటీనా మధ్యలో నీరు చేరడం. ఈ జబ్బులో చూపు తగ్గడానికి ఎక్కువగా కనపడే కారణాల్లో ఇదొకటి. రెటీనా మధ్యలో మాక్యులా అనే చిన్న చోటు ఉంటుంది. సూదిలో దారం ఎక్కించినా, బస్సు బోర్డు చదివినా, మనిషి ముఖం గుర్తుపట్టినా దానితోనే. దాని మందం పావు మిల్లీమీటరు. వాపు వల్ల రక్తనాళాల గోడలు నీటిని ఆపలేక, అందులోకి నీరు ఊరి, చిన్న చిన్న తిత్తులు కడుతుంది. చెమ్మ ఎక్కిన గోడని చూశారు కదా. ఒక వర్షాకాలం చెమ్మ అయితే ఎండలకి ఆరుతుంది, గోడ నిలుస్తుంది. నాలుగేళ్ళు వరసగా చెమ్మ పడితే ఆరినా గచ్చు రాలిపోతుంది. మాక్యులా కూడా అంతే. త్వరగా పట్టుకుంటే మందులతో నీరు ఇంకుతుంది, చూపు తిరిగి వస్తుంది. ఆలస్యమైతే స్కానింగ్‌లో నీరు పోయినట్టు కనపడుతుంది, చూపు మాత్రం రాదు. మీరు ఓసీటీ అని చేయించుకునే స్కానింగ్ ఈ నీటిని చూడటానికే. 1991లో ఈ పద్ధతి బయటికి వచ్చింది. అంతకు ముందు డాక్టర్లు చాలావరకు కంటితో చూసి, లేదా చేతికి రంగు ఇంజక్షన్ ఇచ్చి ఫోటోలు తీసి అంచనా కట్టేవాళ్ళు.

దీనికి ఇంట్లో ఒక పరీక్ష ఉంది. రోజూ ఒకే చోట నిలబడి, ఒక కన్ను మూసుకుని ఎదురుగా కిటికీ ఊచలు చూడండి. తర్వాత రెండో కన్ను. ఊచ వంకరగా కనపడినా, మధ్యలో మసక మచ్చ ఉన్నా, ఆ వారంలోనే రండి. రెండు కళ్ళూ తెరిచి చూస్తే తెలీదు, బాగున్న కన్ను బాగోలేనిదాన్ని కప్పేస్తుంది. మా అక్క విషయంలో రెండేళ్ళ పాటు జరిగింది అదే.

మచ్చలు, ఈగలు, సాలెగూడు దారాలు కళ్ళముందు తేలడం కూడా ఈ జబ్బులో ఉంటుంది. కొన్ని మిగిలిపోతాయి. అకస్మాత్తుగా ఎక్కువైనా, మెరుపులు కనపడినా, తెర దిగినట్టు ఉన్నా మాత్రం అది రెటీనా ఊడటం కావచ్చు, ఆ రోజే రావాలి. ఇక అక్క కంటి మీద కట్టిన తెల్ల పట్టీ కాల్షియం. అది తొలగించవచ్చు, కానీ వెనక ఉన్నదంతా బాగుంటేనే ఉపయోగం.

ఎందుకొస్తుంది అని అందరూ అడుగుతారు. చాలామందిలో ఒంట్లో రక్షణ వ్యవస్థ దారి తప్పి సొంత కంటి మీదే పడుతుంది. పొద్దున్నే నడుం పట్టేసి, నడిస్తే తగ్గే కుర్రవాళ్ళకి ఐరైటిస్ పదే పదే రావడం చూస్తుంటాం. కొందరిలో సూక్ష్మజీవులు కారణం. మన దేశంలో టీబీని ఎప్పుడూ మనసులో పెట్టుకోవాలి, దగ్గు లేకపోయినా కంట్లో ఉండొచ్చు. సిఫిలిస్, హెర్పిస్, పిల్లుల ద్వారా వచ్చే టాక్సోప్లాస్మా ఉన్నాయి. మదురైలో 1990లలో వరదల తర్వాత ఎలుకజ్వరం వచ్చి తగ్గినవాళ్ళలో చాలామందికి కళ్ళు ఇలా వాచాయి. అందుకే కంటికోసం వస్తే ఛాతీ ఎక్స్‌రే, రక్తపరీక్షలు రాస్తాం. డబ్బుకోసం రాస్తున్నారని అనుకోకండి. లోపల టీబీ ఉండగా ఒట్టి స్టెరాయిడ్ ఇస్తే జబ్బుకి తలుపు తీసినట్టే.

ఒక కంటికి లోతైన దెబ్బ తగిలితే కొన్ని వారాలకో, నెలలకో రెండో కన్ను కూడా వాచడం ఉంది. అరుదు, కానీ ఉంది. బ్రెయిలీ లిపి కనిపెట్టిన లూయీ బ్రెయిలీ 1809లో ఫ్రాన్స్‌లో పుట్టాడు. తండ్రి గుర్రాల జీనులు, తోలు సామాన్లు చేసేవాడు. మూడేళ్ళ వయసులో తండ్రి దుకాణంలో తోలుకి బొక్కలు పొడిచే పనిముట్టుతో ఆడుకుంటూ ఒక కంట్లో పొడుచుకున్నాడు. కొన్నాళ్ళకి రెండో కన్నూ వాచింది. అయిదేళ్ళకి పూర్తిగా చూపు పోయింది. ఆ రోజుల్లో చేయగలిగింది ఏమీ లేదు. ఇవాళ చీపురుపుల్ల గుచ్చుకున్నా, దీపావళి టపాకాయ తగిలినా మనం రెండో కన్ను కూడా చూపించుకోవచ్చు. దెబ్బ తగిలిన కన్ను మానినా సరే, రెండోది మసకేస్తే వెంటనే రండి.

మందుల దగ్గరికి వస్తున్నాను. స్టెరాయిడ్‌ని ఇంత తిట్టి, మళ్ళీ అదే ఎందుకు రాస్తారు అని మీకు అనిపించవచ్చు. రగిలే కంటికి దాన్ని మించి వేగంగా పనిచేసే మందు లేదు. నిప్పు ఆర్పడానికి అది కావాలి. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఇల్లు కాపాడటానికి వేరే మందులున్నాయి. స్టెరాయిడ్‌ని ఒక్కరోజులో ఆపకూడదు. రోజుకి ఆరు చుక్కలు నాలుగు చేసి, మూడు చేసి, రెండు చేసి, నెలల మీద తగ్గిస్తాం. ఆపిన మూడు నెలల్లోపు మళ్ళీ రగిలితే దాన్ని దీర్ఘకాలిక జబ్బు కింద లెక్కవేస్తాం, వేరే మందు మొదలుపెడతాం.

ఆ వేరే మందుల్లో మెథోట్రెక్సేట్ ముఖ్యమైనది. చిన్న పసుపుపచ్చ మాత్ర. దీని గురించి చెప్పేటప్పుడు నాకు ఎప్పుడూ గర్వంగా ఉంటుంది. మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ కంపెనీలో పరిశోధనకి పెద్దగా ఉన్నప్పుడు, ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్‌ని ప్రయోగశాలలో తయారుచేసింది. ఆ విటమిన్ పనిని అడ్డుకునే మందుల్నీ తయారుచేసింది. వాటిలో ఒకదానితోనే పిల్లల రక్త క్యాన్సర్‌కి బోస్టన్‌లో మొదటిసారి ఫలితం కనపడింది, అది 1948 నాటి మాట. ఆ ఏడే ఆయన పోయారు. ఆ కుటుంబంలోదే మెథోట్రెక్సేట్. క్యాన్సర్‌కి పెద్ద మోతాదులో ఇచ్చే మందు, బాగా చిన్న మోతాదులో కీళ్ళ వాతానికి, కంటి వాపుకి పనికొచ్చింది. దానితో పాటు ఫోలిక్ యాసిడ్ మాత్ర కూడా రాస్తాం, మందు వల్ల వచ్చే ఇబ్బందులు తగ్గడానికి. ఆ రెండు మాత్రల వెనకా ఒకే తెలుగు మనిషి ఉన్నాడు. మా అక్క చిన్నప్పుడు కూడా ఈ మందు లోకంలో ఉంది. పిల్లల కీళ్ళవాతానికి ఇది పనిచేస్తుందని గట్టిగా రుజువయ్యేసరికి 1992 వచ్చింది. ఆ లెక్క వేసుకున్నప్పుడల్లా నా మనసు ఒకలా అయిపోతుంది.

ఒక్క హెచ్చరిక. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ కాదు. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణం మీదకి తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు. బుధవారం అయితే బుధవారం అని స్ట్రిప్ మీద పెన్నుతో రాసుకోండి, ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పండి. రక్తపరీక్షలు మానకూడదు, మద్యం తాగడం కుదరదు, గర్భం అనుకుంటున్న ఆడపిల్లలు ముందే చెప్పాలి.

ఈ మందు మీద మన దగ్గరే పెద్ద పరిశీలన జరిగింది. అరవింద్ కంటి ఆసుపత్రులు, మరికొన్ని దేశాల కేంద్రాలు కలిసి 216 మంది మీద, దీన్ని ఇంకో మందు మైకోఫెనోలేట్‌తో పోల్చి చూశాయి. ఫలితాలు 2019లో వచ్చాయి. ఖరీదైన మందు చవకైన మెథోట్రెక్సేట్ కన్నా మెరుగని తేలలేదు. మన ఇళ్ళకి ఇది చిన్న కబురు కాదు.

దీనికీ లొంగకపోతే అడాలిముమాబ్ అనే ఇంజక్షన్ ఉంది, రెండు వారాలకోసారి చర్మం కింద. అమెరికాలో 2016లో కంటి వాపుకి అనుమతి వచ్చింది. బ్రిటన్‌లో మా అక్క లాంటి పిల్లలు 90 మందిని రెండు జట్లు చేశారు. అందరికీ మెథోట్రెక్సేట్ ఇస్తూ, ఒక జట్టుకి ఈ ఇంజక్షన్ కూడా ఇచ్చారు. మందు పనిచేయలేదని తేల్చాల్సి వచ్చింది ఇంజక్షన్ జట్టులో 27 శాతం మందికి, రెండో జట్టులో 60 శాతం మందికి. తేడా అంత స్పష్టంగా ఉండటంతో పరిశీలనని ముందే ఆపేశారు. దీనికి ముందు టీబీ పరీక్ష తప్పనిసరి, నిద్రపోతున్న టీబీ ఈ మందుతో లేస్తుంది.

ఇంకొకటి చెప్పి ముగిస్తాను. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో 255 మంది మీద చేసిన పరిశీలన అది. సగంమందికి కంట్లో స్టెరాయిడ్‌ని మూడేళ్ళ దాకా కొద్దికొద్దిగా వదిలే చిన్న ఇంప్లాంట్ పెట్టారు. మిగతావాళ్ళకి నోటి ద్వారా మందులు. రెండేళ్ళకి చూస్తే రెండు గుంపుల చూపూ ఇంచుమించు సమానం. అక్కడే ఆపి ఉంటే రెండూ ఒకటే అనుకునేవాళ్ళం. ఏడేళ్ళదాకా చూశారు. నోటి మందుల వాళ్ళ చూపు నిలిచింది, ఇంప్లాంట్ వాళ్ళ చూపు తగ్గింది. మందు అయిపోయాక వాళ్ళలో కొందరికి వాపు మళ్ళీ తిరగబెట్టింది. ఈ జబ్బుని నెలల్లో కొలవకండి. నేను రోగులకి మొదటిరోజే చెబుతాను, మనిద్దరం కొన్నేళ్ళు కలిసి నడవాలి అని. కొంతమంది ముఖాలు మాడ్చుకుంటారు. కొంతమంది మళ్ళీ రారు. రానివాళ్ళే రాత్రిళ్ళు నాకు గుర్తొస్తారు.

ఏమన్నా అడగాలంటే అడగండి.

(వెనక వరసలోంచి ఒకాయన: మేడమ్, మా పాపకి అయిదేళ్ళు. పోయిన దసరాకి మోకాలు వాచింది, మందులు వాడాం, తగ్గింది. కళ్ళు శుభ్రంగా ఉన్నాయి. ఎరుపేమీ లేదు. చూపించాలా?)

చూపించాలి. ఎన్ని కీళ్ళు వాచాయి? ఒకటే. ఏఎన్ఏ అని రక్తపరీక్ష చేయించారా? తెలీదా, ఫర్వాలేదు. చూడండి, చిన్న వయసు, ఆడపిల్ల, ఒకటి రెండు కీళ్ళే వాచడం, ఈ మూడూ ఉన్నప్పుడే కళ్ళ భయం ఎక్కువ. మోకాలు తగ్గినా కన్ను వాయొచ్చు. ఒకసారి చూసి బాగుందని వదిలేయడం కాదు, మొదటి నాలుగేళ్ళు మూడు నెలలకోసారి స్లిట్ ల్యాంప్ మీద చూడాలి. అయిదు నిమిషాల పని, నొప్పి ఉండదు. గడ్డం అందకపోతే మీ ఒళ్ళో కూర్చోబెట్టుకోండి.

రేపు పొద్దున్నే తీసుకురండి. నా దగ్గరికే అని లేదు, స్లిట్ ల్యాంప్ ఉన్న ఏ కంటి డాక్టరు దగ్గరికైనా సరే, రేపే. మోకాలికి చూపించిన చీటీలన్నీ తెండి. ఏ చుక్కలైనా వేసి ఉంటే ఆ సీసా కూడా తెండి, ఖాళీదైనా సరే. బడి ఒక పూట మానిపించండి, కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేస్తే పాపకి సాయంత్రం దాకా పలక మీద అక్షరాలు కనపడవు.